నీలిపూల గంటుభారంగి

వానలు పట్టాక మన తూర్పు కనుమల అడవుల్లో, చెట్ల నీడన మనిషెత్తు పెరిగి కొమ్మల చివర నీలిపూల గుత్తులు పెట్టే పొద ఒకటుంది. ఫీల్డ్ ట్రిప్పులో దాన్ని చూడగానే సగంమంది "వావిలి సార్!" అంటారు. ఆ మాట మరీ తీసిపారేయవలసిందేం కాదు. రెంటికీ లేతకొమ్మలు నాలుగు పలకలే, పూలూ నీలమే. కాని ఇది గంటుభారంగి.

తేడా ఆకు దగ్గర పట్టుకోవాలి. వావిలిలో మూడో అయిదో పత్రకాలు ఒకే తొడిమ చివర ఉంటాయి. అదంతా కలిసి ఒక ఆకు. గంటుభారంగిలో ఒక్కో కణుపు దగ్గర రెండో మూడో విడి ఆకులు వస్తాయి, అంచులకు రంపపు పళ్ళు. అనుమానమొస్తే గ్రీవపు మొగ్గ వెతకండి. అది ఆకు మొదట్లో ఉంటుంది గాని పత్రకం మొదట్లో ఉండదు. ఈ సూత్రం పరీక్షలో అందరూ రాస్తారు. అడవిలో వంగి చూసేవాళ్ళే తక్కువ.

ఇక పువ్వు. అయిదు తమ్మెల్లో నాలుగు లేత నీలం, ఒక్కోసారి దాదాపు తెలుపు. కిందికి వాలిన అయిదోది పెద్దది, ముదురు ఊదా. నాలుగు కేసరాలు విల్లులా వంగి బాగా బయటికి పొడుచుకొస్తాయి. షీటు మీద ఎండితే ఈ రంగు నిలవదు, కాబట్టి మొక్క దగ్గరే నోటుబుక్కులో రాసుకోవాలి.

గ్యాంబుల్ ఫ్లోరాలో దీన్ని వర్బినేసి కింద, క్లీరోడెండ్రమ్ సెర్రేటమ్ అనే పేరుతో వెతకాలి. 1998లో స్టీన్, మాబర్లీ దీన్ని రోథెకా ప్రజాతిలోకి మార్చారు. ఇప్పుడు కుటుంబం లామియేసి, అంటే మన తులసి కుటుంబం. వావిలి కూడా అక్కడికే చేరింది! మనవాళ్ళు చెప్పింది చుట్టరికం వరకూ నిజమేనన్నమాట.

ఇంతకీ ఈ గుర్తింపు మీద ఇంత పట్టు ఎందుకంటే, దగ్గుకూ ఆయాసానికీ ఆయుర్వేదంలో వాడే భారంగి దీని వేరే. బజారులో ఆకూ పువ్వూ కనిపించవు, ఎండిన వేరుముక్కలే ఉంటాయి. భారంగి పేరుతోనే క్లీరోడెండ్రమ్ ఇండికమ్ వేరు కూడా అమ్ముతారు. దాని పువ్వు పొడవాటి తెల్లని గొట్టం. అడవిలో పక్కపక్కన పెడితే పసిపిల్లాడైనా తేడా చెబుతాడు. ముక్కలయ్యాక ఎవరు చెప్పగలరు? పైగా వేరంతా తవ్వితే పొద పోయినట్టే.

హెర్బేరియానికి పూలున్న చిన్న కొమ్మ చాలు, వేరు జోలికి పోవద్దు. గుట్టమీద ఒకటి రెండు పొదలే ఉంటే కొమ్మ కూడా వద్దు, ఫోటో తీసుకురండి. చోటు, తేదీ, పూలరంగు, ఆ ఊరివాళ్ళు పిలిచే పేరు లేబుల్ మీద తప్పక రాయండి.