గాలివాన వెలిసిన తెల్లారి

2024 ఆగస్టు 31న మన పాత వరంగల్ జిల్లా తాడ్వాయి–మేడారం అడవిలో ఒక్క గాలికి 50,000 చెట్ల దాకా కూలాయి. ఆ వార్త చూసినప్పటి నుంచి నర్సంపేట వైపు టేకు తోటలున్న పిల్లలు అడుగుతున్నారు, "తాతా, మన దగ్గర పడితే ఏం చేయాలె?" అని.

1. ముందు పైకి చూడు. కొమ్మ కింద కరెంటు తీగ ఉంటే లైన్ బంద్ అయిందని కరెంటోళ్లు చెప్పేదాకా చెట్టు దగ్గరికి పోవద్దు.

2. వేళ్లతో లేచి పడ్డ చెట్టును నమ్మొద్దు. బోదె కోయగానే బరువు తగ్గి, వేళ్ల గడ్డ మట్టితో సహా లేచిన గుంతలోకే వెనక్కి కూర్చుంటుంది. ఆ గుంతలోకి మనిషినే కాదు, మేకను కూడా దిగనీయొద్దు. వంగి బిగుసుకున్న కొమ్మ ఇంకా మోసకారి. బయటి వంపున ఒక్కసారిగా కోస్తే ఎగిరి మొఖం మీదికొస్తుంది. లోపలి వంపున కొంచెం కోసి, ఆ తర్వాత బయటి వైపు మెల్లగా కోయాలె. పక్క చెట్టుకు చిక్కి వేలాడే కొమ్మ కింద పనే పెట్టుకోవద్దు. కోత మిషన్ కొత్తగా కొన్న కుర్రాడికంటే, చెట్టు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి గొడ్డలి పట్టే ముసలి కూలీ నయం.

3. పట్టా భూమిలో పడ్డా సరే, టేకు దుంగ ట్రాలీ ఎక్కాలంటే అటవీ శాఖ పర్మిట్ ఉండాలె. కోయకముందే ఫొటోలు తీసి పెట్టుకోండి. కొనేవాడు "అంతా నేను చూసుకుంటా" అంటాడు. దారిలో ఆపితే ఆయన కనపడడు.

4. దుంగకు బెరడు తీసి, కింద రాళ్లు పెట్టి, నీడన పేర్చాలె. తడి నేల మీద వదిలేస్తే పురుగు పడుతుంది.

5. కంప కాల్చొద్దు. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద పెట్టిన నిప్పు ఎంతదూరం పాకుతుందో ఎండాకాలం చూస్తూనే ఉన్నాం. కంప గట్టు మీద కంచెకు, ఆకు ఎరువు గుంతకు.

6. అంతా ఊడ్చేయకండి. తాడ్వాయి చెట్లు పడ్డది ఏటూరునాగారం అభయారణ్యంలో. అట్లాంటి చోట గాలికి పడ్డ చెట్లనైనా తరలించొద్దని సుప్రీంకోర్టు 2000 ఫిబ్రవరిలోనే ఆదేశించింది. అంత కలప మట్టిపాలేనా అని బాధపడే వాళ్లుంటారు. నాకైతే ఆ బాధ లేదు. పుచ్చిన మొద్దులో ఉడుముంటుంది, పురుగుంటుంది, పురుగు కోసం పిట్ట వస్తుంది, చివరికి మట్టికి బలమొస్తుంది. తోట మూలన టేకు కాని మొద్దులు ఒకటి రెండు ఉంచండి. తేళ్లూ పాములూ చేరుతాయి కాబట్టి ఇంటికి, మోటారు డబ్బాకు మాత్రం దూరంగా.