ఏ నెలలో ఏ పువ్వు?

నల్లమల కొండల అంచున ఒక పల్లె. ఆ పల్లెలో ఒక అత్త, ఒక కోడలు. అత్త నలభై ఏళ్లుగా కొండకు పోతూనే ఉంది. కట్టెల కోసం పోయింది. విస్తరాకుల కోసం పోయింది. తప్పిపోయిన మేకల కోసం పోయింది. కానీ కొండను చూడటానికి ఒక్కనాడూ పోలేదు. నెత్తిన మోపు ఉంటే తల ఎత్తి చూసేదెట్లా?

ఆ ఏడు శివరాత్రికి ఇద్దరూ కాలినడకన శ్రీశైలం బయలుదేరారు. పల్లెలోని ఆడవాళ్లు పదిమంది తోడు వచ్చారు.

నంద్యాల జిల్లా ఆత్మకూరు దగ్గర వెంకటాపురం ఉంది. అక్కడినుంచి అడవి దారి మొదలవుతుంది. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాస ద్వారం మీదుగా శ్రీశైలం చేరుతుంది. ఎన్నో తరాలుగా భక్తులు నడుస్తున్న దారి ఇది. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి అనే రాజు శ్రీశైలం కొండకు మెట్లు కట్టించాడు.

ఈసారి అత్త నెత్తిన మోపు లేదు. చేతిలో నీళ్ల డబ్బా ఒక్కటే ఉంది.

“అత్తా, అటు చూడు! కొండకు నిప్పు అంటుకుందా ఏంది?” అంది కోడలు.

అత్త నవ్వింది. “నిప్పు కాదమ్మాయీ. మోదుగ పూసింది.”

చెట్టు నిండా ఎర్రెర్రని పూలు. ఒక్కొక్క పువ్వు చిలక ముక్కులా వంగి ఉంది. కొమ్మకు ఒక్క ఆకు లేదు.

“ఆకులే లేవు. చెట్టు ఎండిపోయిందా?”

ఎండిపోలేదు. ఎండాకాలంలో నేలలో తడి తక్కువ. ఆకుల నుంచి నీరు ఆవిరై పోతుంది. అందుకే చెట్టు ఆకులు రాలుస్తుంది. ఉన్న నీటిని కాపాడుకుంటుంది. ఆకులు అడ్డం లేకపోతే పూలు దూరానికి కనిపిస్తాయి. పిట్టలు తేనె కోసం వస్తాయి. ఒక పువ్వులోని పుప్పొడిని ఇంకో పువ్వుకు చేరుస్తాయి. అప్పుడు కాయ కడుతుంది. కాయలోని గింజ మరో చెట్టు అవుతుంది.

ఇంకొంచెం ముందుకు పోతే కొండగోగు కనిపించింది. దానికీ ఆకులు లేవు. గిన్నెల్లాంటి పెద్ద పెద్ద పసుపు పూలు.

“ఇన్నేళ్లూ దీని కిందనుంచే పోయాను. ఇంత అందం ఉందని ఇవాళే చూస్తున్నా” అంది అత్త.

మధ్యాహ్నం అందరూ ఒకచోట కూర్చున్నారు. ఎవరో మూడు రాళ్లు పెట్టి టీ కాచారు. తాగి లేచారు. రాళ్ల మధ్య నిప్పు ఇంకా ఉంది. చుట్టూ ఎండుటాకులు.

దారి పక్కన ఒక బోర్డు ఉంది. అత్త రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. కూడబలుక్కుని చదివింది: “అ-డ-వి-లో... ని-ప్పు... రా-జే-య-రా-దు.”

“అయ్యో, తప్పు చేశాం! దీన్ని ఆర్పండి” అంది.

“అదే ఆరిపోతుందిలే, పదండి” అంది ఒకామె.

అత్త కదలలేదు. డబ్బాలోని నీళ్లు నిప్పు మీద పోసింది. పుల్లతో కలిపింది. మళ్లీ పోసింది. పైన మట్టి కప్పింది.

“తాగే నీళ్లు పారబోస్తివే! చెరువు ఇంకా ఎంత దూరముందో!” అని అందరూ కోప్పడ్డారు.

“దప్పికైతే ఒక్క పూట ఓర్చుకుంటాం. అడవి కాలితే చిన్న మొక్కలన్నీ మాడిపోతాయి. రేపు మన పిల్లలకు మోదుగ ఉండదు, ఇప్ప ఉండదు” అంది అత్త.

ఎవరూ మాట్లాడలేదు. గొంతు ఎండుతున్నా నడిచారు. పెద్దచెరువు చేరాక కడుపునిండా నీళ్లు తాగారు. టీ కాచినామె అత్త పక్కన కూర్చుంది. “మళ్లీ అడవిలో నిప్పు చేయనక్కా” అంది.

ఇంటికి వచ్చాక అత్త, కోడలు ఒక పని మొదలుపెట్టారు. నెలకొకసారి ఊరి పక్క కొండకు పోయేవారు. ఒంటరిగా పోలేదు, నలుగురితో కలిసి పోయారు. చీకటి పడకముందే తిరిగి వచ్చారు. చూసిన పూల పేర్లు అత్త నోటుబుక్కులో రాసింది. ఏడాది తిరిగేసరికి ఇలా తయారైంది:

ఫిబ్రవరి, మార్చి: మోదుగ, కొండగోగు.

మార్చి, ఏప్రిల్: ఇప్ప. పూలు తెల్లవారుజామున రాలుతాయి. ఏరడానికి చెట్టు కింద ఆకులు కాల్చకూడదు. ఊడిస్తే చాలు.

ఏప్రిల్, మే: రేల. పసుపు పూలు గుత్తులుగా వేలాడతాయి.

జూలై, ఆగస్టు: అడవినాభి. ఎరుపు, పసుపు కలిసి మంటలా ఉంటుంది. చూడటానికే అందం. దుంప విషం. నోట్లో పెట్టకూడదు. పిల్లలకు తప్పక చెప్పాలి.

సెప్టెంబరు, అక్టోబరు: తంగేడు, గునుగు. తెలంగాణలో ఈ పూలతో బతుకమ్మ పేరుస్తారు. పూలు కోయాలి గానీ కొమ్మలు విరవకూడదు. కొన్ని పూలు చెట్టుకే వదలాలి. అవే గింజ కడతాయి.

చివరి పేజీలో కోడలు ఒక మాట రాసింది: “మా అత్తకు అక్షరాలు రాత్రిబడి నేర్పింది. నాకు కొండను అత్త నేర్పింది.”

ఆలోచించండి – మాట్లాడుకోండి

1. మోదుగ ఎండాకాలంలో ఆకులు ఎందుకు రాలుస్తుంది?
2. అత్త తాగే నీళ్లు నిప్పు మీద పోసింది. మీరైతే ఏం చేస్తారు?
3. మీ ఊరి దగ్గర కొండ మీద, గట్ల మీద ఈ నెలలో ఏ పూలు పూశాయి? చూసి వచ్చి, మూడు పేర్లు రాయండి.