పగిలిన గాజు, పింగాణి

పగిలిన కుండపెంకునకైనను లోకములో నొక పని గలదు. యోబు భక్తుడు బూడిదలో కూర్చుండి చిల్లపెంకుతోనే గదా తన దేహమును గోకికొనెను! పగిలిన సీసాపెంకును మాత్ర మెవరును చేతబట్టరు. అది మన్నులో కుళ్లదు, తుప్పుపట్టదు. కాలువగట్టున పడియుండి, చెప్పులులేని పిల్లల పాదములను కోయుచుండును. అట్టి పెంకును మరల పనికివచ్చు వస్తువుగా మార్చు మార్గములను మేమిచ్చట కొంత వివరింపదలచితిమి.

సీసాలకును కిటికీ అద్దములకును వాడు గాజులో నూటికి సుమారు 70 పాళ్లు ఇసుకలోని సిలికాయే. సిలికా యొంటరిగా కరగుటకు 1,700 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి కావలయును. సోడా చేర్చినచో నంతకంటె చాల తక్కువ వేడిమికే కరగును. గాజు నీటిలో కరగకుండుటకై సున్నమును గూడ చేర్చుదురు. సోడా యున్నదనుటకు చిన్న పరీక్ష కలదు. గాజును కల్వములో నీటితో మెత్తగా నూరి, ఆ నీటిని పసుపు పూసిన కాగితముపై నుంచినచో పారాణివలె ఎర్రబారును. (ఇది ఉపాధ్యాయులు చేయవలసిన పరీక్ష. పొడిగా నూరినచో ధూళి కన్నులకును ఊపిరితిత్తులకును హాని చేయును.)

ఈ సోడాయే మనకు సహాయకారి. కుమ్మరి కాల్చిన కుండలో మట్టిరేణువుల నడుమ సందులుండును. అందుచేతనే కుండ చెమర్చి నీరు చల్లబడును. పెంకులకును పళ్లెములకును ఆ సందులు పూడవలెను. అందులకు ఫెల్స్పారు అను రాతిపొడిని చేర్చుట వాడుక. కాని దానికి మిక్కుటమైన వేడిమి కావలయును. గాజుపొడి యట్లుగాక, వేయి డిగ్రీలకు లోబడియే మెత్తబడి, సందులలోనికి ప్రాకి, చల్లారినపుడు రేణువులను బంధించును. ఇందువలన వంటచెరకును బొగ్గును మిగులును. పాలు మించినచో వస్తువు ఆవములోనే క్రుంగిపోవును. వేర్వేరు రంగుల గాజు కలిసిపోయినచో సీసాల కర్మాగారమువారు పుచ్చుకొన వెనుదీయుదురు. మట్టిలో కలుపుటకు రంగుల భేదము పెద్ద అడ్డు కాదు.

మట్టి లేకయే గాజును పింగాణి చేయవచ్చునా? ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు రెయోమ్యూరు 1739లో ఈ ప్రయత్నమును ప్రకటించెను. ఆయన గాజు సీసాలను ఇసుక, జిప్సముల మధ్య పొదిగి, కొన్ని దినములు ఎర్రని వేడిమిలో నుంచెను. అవి తెల్లనై, వెలుతురును లోనికి రానీయని పింగాణివంటి పదార్థముగా మారెను. కారణమేమనగా, గాజులోని అణువులు బడి విడిచిన పిల్లలవలె క్రమము లేకయుండును. తగిన వేడిమిలో చాలసేపుంచినచో ప్రార్థనకు నిలిచిన వరుసలవలె అమరి స్ఫటికములగును. కాని ఆయన సీసాలలో స్ఫటికములు పైనుండి లోనికి మాత్రమే పెరుగుటచే అవి బలహీనములయ్యెను.

రెండువందల యేండ్లకు పైబడి ఈ చిక్కు విడలేదు. 1953లో అమెరికాలోని కార్నింగు సంస్థలో స్టూకీ అను శాస్త్రజ్ఞుడు వెండి కలిసిన గాజుపలకను 600 డిగ్రీలకు వేడిచేయనుంచగా, కొలిమి తప్పి 900 డిగ్రీల కెగబ్రాకెను. పలక కరగిపోయి యుండునని తలచి తెరచిచూడగా నది తెల్లగా, ఆకారము చెడక యుండెను. పట్టుకారునుండి జారి నేలబడినను పగులలేదు! లోపలనంతట చెదరియున్న వెండికణములే స్ఫటికములకు బీజములయ్యెను.

పారవేసిన సీసాలలో అట్టి బీజములు లేవు. అయినను వానిని పొడిచేసినచో ప్రతి రేణువునకును ఒక ఉపరితల మేర్పడును గదా! రెయోమ్యూరునకు అడ్డువచ్చిన గుణమే యిచ్చట ఉపకరించును. పొడిని అచ్చులో నొత్తి కాల్చినచో రేణువు లంటుకొనును. తగిన పాళ్లలో ఇతర ఖనిజములు చేర్చి వేడిమిని నిలిపినచో, ప్రతి రేణువు అంచునను స్ఫటికములు మొలచి గోడలకు తాపదగిన పలకలగును. గాజుపొడికి కొంచెము సుద్దపొడి చేర్చి కాల్చుట మరియొక పద్ధతి. అపుడు బొగ్గుపులుసు వాయువు పుట్టి, మెత్తబడిన గాజును రొట్టెపిండివలె పొంగించును. చల్లారిన పిమ్మట నది నీటిపై తేలునంత తేలికగా నుండి, వేడిమిని అడ్డగించుటకు కట్టడములలో వాడబడును.

ఏ గాజునైనను చేర్చవచ్చునని తలపరాదు. వేడిమికి పగులని వంటపాత్రల గాజు వేరు జాతిది. సీసాగాజు మెత్తబడు వేడిమికి అది మెత్తబడదు. ట్యూబులైటులలో పాదరస మున్నందున వానిని పగులగొట్టనే కూడదు.