"అన్నా, ఎప్పటిలాగే!" - ఒక చిన్న కన్‌స్ట్రక్టర్ పాఠం

క్యాంటీన్‌లో "అన్నా, ఎప్పటిలాగే" అంటే చాలు, పంచదార తక్కువ, అల్లం ఎక్కువ వేసిన టీ నా ముందుకు వచ్చేస్తుంది. అదే మాట వేరే టీ కొట్లో అంటే ఆయన నా మొహం చూస్తాడు. జావాలో కన్వీనియన్స్ కన్‌స్ట్రక్టర్ కూడా ఇంతే ఫ్రెండ్స్. చిన్న మాటతో పని అయిపోతుంది, కానీ మనం చెప్పని సంగతులు కొన్ని దాని వెనక ఉంటాయి.

జావా ప్రోగ్రామ్‌ని కంపైల్ చేస్తే క్లాస్ ఫైల్ వస్తుంది. అందులో ఉండేది బైట్‌కోడ్. దాన్ని చదివి, మధ్యలో కొత్త ఇన్‌స్ట్రక్షన్లు చేర్చి, మళ్లీ రాసిపెట్టే లైబ్రరీల్లో ఏఎస్ఎమ్ బాగా పేరున్నది. 2002 నుంచి ఉంది.

ఇందులో చదివే పని క్లాస్‌రీడర్‌ది. దానికి నాలుగు పబ్లిక్ కన్‌స్ట్రక్టర్లు ఉన్నాయి. ఒకటి బైట్ అర్రే, ఎక్కడ మొదలు, ఎంత పొడవు అని మూడూ అడుగుతుంది. రెండోదానికి అర్రే ఒక్కటే చాలు, మిగతా రెండూ తనే నింపుకుంటుంది. మూడోది ఇన్‌పుట్‌స్ట్రీమ్ తీసుకుంటుంది. నాలుగోదానికి క్లాస్ పేరు చెబితే చాలు!

నేను ఆ నాలుగోదానికే పడిపోయా. ప్రతి మెథడ్‌కి ఎంత టైమ్ పడుతుందో చూపించే మినీ ప్రాజెక్ట్ నాది. లాప్‌టాప్‌లో చక్కగా నడిచింది. డెమో రోజు వెబ్ సర్వర్‌లో పెడితే "క్లాస్ దొరకలేదు" అని ఎర్రర్. ఫైల్ చూస్తే ఫోల్డర్‌లోనే ఉంది! మార్కులు పోయాక కూర్చుని సోర్స్ చదివా. పేరు తీసుకునే కన్‌స్ట్రక్టర్ సిస్టమ్ క్లాస్‌లోడర్ దగ్గర మాత్రమే వెతుకుతుంది. సర్వరేమో అప్లికేషన్ క్లాసుల్ని వేరే లోడర్‌తో తెస్తుంది. అంటే నేను వేరే కొట్లో "ఎప్పటిలాగే" అన్నానన్నమాట. తప్పు లైబ్రరీది కాదు, చదవకుండా వాడిన నాది.

అందుకే క్లాస్‌రీడర్‌కి ఒక సబ్‌క్లాస్ రాసి, క్లాస్ ఆబ్జెక్ట్‌నే తీసుకునే కన్‌స్ట్రక్టర్ చేర్చా. ఏ క్లాస్ ఇస్తే దాని సొంత లోడర్ దగ్గరే ఫైల్ అడుగుతుంది. రాసేటప్పుడు మూడు సంగతులు నేర్చుకున్నా.

ఒకటి: కొత్త కన్‌స్ట్రక్టర్ సొంతంగా పార్సింగ్ చేయకూడదు. బైట్లు తెచ్చి పాతదానికి అప్పజెప్పాలి. లేకపోతే ఒకే లాజిక్ రెండు చోట్ల దిద్దుకోవాలి.

రెండు: తెరిచినవాళ్లే మూయాలి. ఏఎస్ఎమ్‌లో మనం ఇచ్చిన స్ట్రీమ్‌ని క్లాస్‌రీడర్ మూయదు, అది మన బాధ్యత. పేరు ఇస్తే మాత్రం తనే తెరుస్తుంది కాబట్టి తనే మూస్తుంది. నాది కూడా స్ట్రీమ్‌ని తనే తెరుస్తుంది, అందుకే తనే మూస్తుంది.

మూడు: దాగి ఉన్న షరతు బయటికి చెప్పాలి. ప్రోగ్రామ్ నడుస్తుండగా పుట్టే క్లాసులకి ఫైలే ఉండదు, అక్కడ నా కన్‌స్ట్రక్టర్ కూడా పనిచేయదు. ఆ మాట డాక్ కామెంట్‌లో రాశా. ఎర్రర్‌లో ఆ క్లాస్ పేరు కూడా వచ్చేలా పెట్టా.

మీరూ ఇలాంటిది రాసి, ఒక లాంబ్డా ఆబ్జెక్ట్ తాలూకు క్లాస్ ఇచ్చి చూడండి. మీ ఎర్రర్ మెసేజ్ చదివితే అసలు కారణం అర్థమవుతోందా? అయితే మీ కన్‌స్ట్రక్టర్‌ని ధైర్యంగా పక్కవాళ్లకి ఇవ్వొచ్చు.