ముద్ద అడ్డం పడితే బాధ్యత ఎవరిది?

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటూ నెత్తిన తట్టి ఊరుకోవడం మన ఇళ్లలో అలవాటు. సంరక్షణ కేంద్రాల్లో ఉండే దివ్యాంగుల విషయంలో అలా సరిపెట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది. సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో చాలామందికి నమలడం, మింగడం కష్టం. మానసిక వ్యాధులకు వాడే కొన్ని మందులూ ఆ ఇబ్బందిని పెంచుతాయి. తినేటప్పుడు దగ్గు, తిన్నాక గొంతులో గురగుర, పదేపదే న్యుమోనియా ముందస్తు హెచ్చరికలు కావచ్చు. వాటిని చూసీ పట్టించుకోకుండా, జరగరానిది జరిగాక తలరాత అంటే చట్టం ఒప్పుకోదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 50వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు, స్వచ్ఛంద కేంద్రాలు నమోదు కావాలి. నిబంధనలు పాటించకపోతే 52వ సెక్షన్ కింద ఆ నమోదును రద్దు చేయవచ్చు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద ఐదేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. విచారణలో కీలకమయ్యే ప్రశ్న, ప్రమాదం తెలిసీ ఏం చేశారన్నది. దానికి గట్టి జవాబు కాగితం మీదే ఉంటుంది. అందుకే మీవారిని కేంద్రంలో చేర్చేటప్పుడే స్పీచ్ థెరపిస్టు పరీక్ష, రాతపూర్వక ఆహార ప్రణాళిక అడగండి. ముక్క 1.5 సెంటీమీటర్లు మించవచ్చా, అన్నం ఎంత మెత్తగా కలపాలి, ఎలా కూర్చోబెట్టాలి, పక్కన ఎవరుండాలి, అడ్డం పడితే వీపు మీద చరచడం, పొట్ట నొక్కడం ఎవరికి వచ్చు అన్నవన్నీ అందులో ఉండాలి. నిన్న చేరిన ఆయాకూ అది అర్థం కావాలి.

అందరికీ జావ పోస్తే గొడవే ఉండదుగా అనేవారున్నారు. కానీ గౌరవంగా బతికే హక్కును దివ్యాంగుల హక్కుల చట్టం 3వ సెక్షన్ గుర్తించింది. అవసరం లేనివారి కంచంలోంచి కూరముక్క తీసేయడం రక్షణ కాదు. పండగనాడు గారె అడిగినవారికి వద్దనే ముందు, ఏ రూపంలో పెట్టవచ్చో థెరపిస్టును అడగాలి. భయంతో తిండి, నీళ్లు కావాలనే ఆపేస్తే అదే చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. ఇన్ని రాతకోతలైతే పనివాళ్లు నిలవరన్నది ఇంకో అభ్యంతరం. నిజానికి ప్రణాళిక లేనిచోటే నేరమంతా ఆయా నెత్తిన పడుతుంది. ఉన్నచోట, దాన్ని పాటించానని ఆమె చూపించుకోగలదు.

అనుమానముంటే భోజన రికార్డు, మందుల చీటీ, ప్రమాదాల రిజిస్టరు నకళ్లు రాతపూర్వకంగా కోరండి. స్పందన లేకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. రుసుము తీసుకునే కేంద్రమైతే రెండేళ్లలోగా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు. దివ్యాంగులకు ఉచిత న్యాయ సహాయం హక్కు. 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు.