ముందు వినే మనిషి

పదో తరగతి పరీక్షలు ముగిసిన ఏప్రిల్, మే నెలల్లో కర్ణాటకలోని చింతామణి తాలూకా కెంచార్లహళ్ళి చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్ళినా పిల్లలకు ఒకటే ప్రశ్న ఎదురవుతుంది: "ముందుకేం చేస్తావు?" అడిగేది పెదనాయన కావచ్చు, మేనమామ కావచ్చు, పొద్దున్నే డెయిరీలో పాలు పోయడానికి వరుసలో నిలబడ్డ పక్కింటాయన కావచ్చు. జవాబు కూడా ఆ పెద్దవాళ్ళే చెప్పేస్తారు. మార్కులు బాగా వస్తే సైన్సు, ఒక మోస్తరుగా వస్తే కామర్సు, తక్కువైతే ఆర్ట్సు. తప్పితే టమాటా తోట, లేకపోతే బెంగళూరు. ఆడపిల్ల అయితే ఇంకో జవాబు కూడా సిద్ధంగా ఉంటుంది. ఇంత మాట్లాడినా అందులో ఆ పిల్ల నోటి నుంచి వచ్చిన మాట ఒక్కటీ ఉండదు.

బడిలో కౌన్సెలింగ్ అనేది మొదలు కావలసింది సరిగ్గా ఇక్కడే. చాలామంది దాన్ని రెండు వేరు వేరు పనులుగా చూస్తారు. మనసు బాగాలేని పిల్లలకు ఒకటి, ఏ కోర్సు చదవాలో చెప్పడానికి ఇంకొకటి అనుకుంటారు. నా దృష్టిలో రెండూ ఒకటే. లోపల భయం పెట్టుకున్న పిల్లవాడు దారి ఎంచుకోలేడు, దొరికిన దారిన పారిపోతాడు. లెక్కల మాష్టారంటే వణికి ఆర్ట్సు తీసుకున్నవాడూ, ఇంట్లో గొడవలు భరించలేక ఊరికి దూరంగా ఏ కాలేజీ దొరికితే ఆ కాలేజీలో చేరినవాడూ చేసినదాన్ని ఎంపిక అనగలమా? మనసులో ఉన్నది బయటికి చెప్పుకోగలిగిన రోజునే వాళ్ళకు తమకేం కావాలో కనబడడం మొదలవుతుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1908లో అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన యువకులకు వృత్తి సలహా ఇచ్చే కేంద్రం తెరిచాడు. నిన్ను నువ్వు తెలుసుకో, పనుల గురించి తెలుసుకో, ఆ రెంటినీ కలిపి ఆలోచించు అన్నది ఆయన పద్ధతి. మన దేశంలో 1952–53 నాటి ముదలియార్ కమిషన్, 1964–66 నాటి కొఠారి కమిషన్ బడుల్లో పిల్లలకు మార్గదర్శనం ఉండాలని రాశాయి. 2020 జాతీయ విద్యా విధానమూ కౌన్సెలర్ల గురించి మాట్లాడింది. కాగితం మీద లోటు లేదు. పల్లె హైస్కూల్లో ఆ పనికంటూ ఒక మనిషి ఉండడమే అరుదు.

2025 జులై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటూ ప్రాణం పోగొట్టుకున్న పదిహేడేళ్ళ అమ్మాయి కేసు అది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలని, అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధం ఏర్పరచుకోవాలని కోర్టు చెప్పింది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది. అందులో 2,248 మరణాలకు పరీక్ష తప్పడమే కారణంగా నమోదైంది. ఆ అంకె చదివినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. ఫలితం వచ్చిన ఆ పూట ఒక్క మనిషి పక్కన కూర్చుని ఉంటే వీళ్ళలో ఎంతమంది మన మధ్య ఉండేవాళ్ళో!

చింతామణి, బాగేపల్లి ప్రాంతపు పిల్లలకు ఇంకో చిక్కుంది. దాన్ని బయటివాళ్ళు గమనించరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, పదో తరగతి తరువాత పి.యు.సి.లో సైన్సు తీసుకుంటే ఒక్కసారిగా ఇంగ్లీషు. మూడు భాషల మధ్య చురుగ్గా తిరగగలగడం వీళ్ళ బలం, అందులో అనుమానం లేదు. కానీ ఏడుపు వచ్చేది అమ్మ మాట్లాడే భాషలోనే. "నీ సమస్య ఏమిటి?" అని పుస్తకాల కన్నడంలోనో ఇంగ్లీషులోనో అడిగితే "ఏం లేదు సార్" అనే జవాబే వస్తుంది. అదే ప్రశ్న ఇంటి మాటలో అడిగి చూడండి.

తొమ్మిదో తరగతిలో చురుగ్గా ఉండే ఒక అమ్మాయి ఉన్నట్టుండి వెనకబడిందనుకుందాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక, మిగతా పిల్లలు ఆటలకు పోయినప్పుడు, టీచరు ఆమెను చెట్టు కింద కూర్చోబెట్టుకుంది.

"ఏమ్మా, ఈ మధ్య క్లాసులో నువ్వు ఉండేది కూడా తెలీడం లేదే?"

"ఏం లేదు మేడమ్."

టీచరు ఇంకో ప్రశ్న వెయ్యలేదు. కాసేపు ఊరికే కూర్చుంది.

"చదవను మనసు రాదు మేడమ్."

"ఎప్పట్నుంచి?"

"నాయిన పనికని బెంగళూరికి పోయినప్పట్నుంచి. పొద్దున ఆవు పాలు పితికేది నేనే, తమ్ముణ్ణి రెడీ చేసేది నేనే. పదో క్లాసు అయితే చాలంటుంది అమ్మ."

"నువ్వేమంటావు?"

"నన్నెవరూ అడగలేదు మేడమ్."

ఇందులో ఆ టీచరు ఇచ్చిన సలహా ఒక్కటీ లేదు. "కష్టపడి చదువు, అన్నీ సర్దుకుంటాయి" అని ఉంటే ఆ సంభాషణ రెండో మాట దగ్గరే ఆగిపోయేది. ఆ మౌనాన్ని ఓర్చుకోవడమే కౌన్సెలింగ్‌లో అన్నిటికన్నా కష్టమైన పని. మనలో చాలామందికి, ముఖ్యంగా పాఠం చెప్పే అలవాటున్నవాళ్ళకు, ఎదుటివాళ్ళు ఆగిన చోట మాట నింపకపోతే ఊపిరాడదు. సాధన చేస్తే అలవడుతుంది.

ఈ సీమలో పట్టు పురుగులు పెంచే ఇళ్ళు చాలా ఉన్నాయి. పురుగు గూడు కట్టేలోపు నాలుగు సార్లు పొర విడుస్తుంది. పొర విడిచే ఆ పూటల్లో (దాన్నే జ్వరం అంటారు) అది తల ఎత్తి కదలకుండా ఉంటుంది, ఆకు ముట్టదు. తెలిసిన రైతు అప్పుడు మల్బరీ ఆకు వెయ్యడు, గూడు కట్టించే చంద్రికలు తెచ్చి హడావుడి చెయ్యడు. పడక పొడిగా ఉంచి కనిపెట్టుకుని ఉంటాడు. పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లల దగ్గర మనకు ఆ ఓపిక ఎందుకు ఉండదు?

విన్నాక ఏం చెయ్యాలన్నది రెండో మెట్టు. పిల్ల చెప్పిన మాట స్టాఫ్ రూములో కబురు కాకూడదు. ఒక్కసారి అలా బయటపడితే ఆ బడిలో ఇంకెవరూ నోరు విప్పరు. దీనికి మినహాయింపు ఒక్కటే, ప్రాణానికో శరీరానికో ముప్పు ఉన్నప్పుడు. అప్పుడు కూడా "ఈ ఒక్క విషయం నేను మీ అమ్మతో చెప్పాలి, నువ్వూ పక్కనే ఉండు" అని పిల్లకు చెప్పి మరీ చెయ్యాలి. బాగా మాట్లాడే పిల్ల పూర్తిగా మూగబోతే, ఇష్టమైన వస్తువులు అందరికీ పంచేస్తుంటే, నేను లేకపోతేనే మేలు అన్న ధోరణిలో మాట్లాడుతుంటే నేరుగా అడగండి: "చచ్చిపోవాలని ఏమైనా అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం చాలామందికి ఉంది. అది అపోహ అని పరిశోధనలు చెబుతున్నాయి. అవును అని జవాబొస్తే ఆ పిల్లను ఒంటరిగా వదలకూడదు, ఇంటివాళ్ళను పిలిపించి డాక్టరు దగ్గరికి చేర్చాలి. ఆపైన 14416 ఉంది. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు అది. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు. బెంగళూరు నిమ్హాన్స్ దానికి కేంద్ర బిందువు. పెళ్ళి కోసం చదువు మాన్పిస్తున్నారన్న మాట వింటే పిల్లల సహాయ నంబరు 1098కు ఫోను చెయ్యాలి. కర్ణాటకలో 2016 సవరణ చట్టం ప్రకారం బాల్య వివాహం మొదటి నుంచీ చెల్లదు. ఆ సంగతి ఆడపిల్లలందరికీ తెలిసి ఉండాలి.

ఇక దారి సంగతి. మన పిల్లలకు తెలిసిన ఉద్యోగాలు చేతి వేళ్ళకు మించవు. డాక్టరు, ఇంజనీరు, టీచరు, పోలీసు. పట్టు పురుగుల ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లకు, తన తాలూకాలోనే కురుబూరు దగ్గర బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పట్టు పరిశ్రమ కళాశాల ఉందని ఎవరైనా చెప్పారా? అమ్మ చేతుల్లో చూసిన పని మీద డిగ్రీ చదవొచ్చని తెలిస్తే ఆ పిల్ల తన ఇంటిని చూసే చూపే మారిపోతుంది. పదో తరగతి తరువాత మూడేళ్ళ డిప్లొమా చేసి, డి.సి.ఇ.టి. ప్రవేశ పరీక్ష రాసి నేరుగా ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరవచ్చన్న సంగతీ ఎంతో మందికి తెలియదు. తన మొగ్గు ఎటువైపో తెలుసుకోవడానికి ఎన్.సి.ఇ.ఆర్.టి. తొమ్మిది, పది తరగతులకు "తమన్నా" అనే పరీక్ష తయారు చేసింది. అందులో పాస్, ఫెయిల్ ఉండవు. కాలేజీ దూరం, బస్సు ఖర్చు అని ఆడపిల్లను ఆపే ఇంటికి 2023 జూన్ నుంచి శక్తి పథకం కింద ఆర్డినరీ బస్సులో టికెట్టుకు డబ్బు కట్టక్కర్లేదని గుర్తు చెయ్యాలి. దూరమైతే వెనకబడిన తరగతులు, మైనారిటీల పిల్లలకు బి.సి.ఎం. హాస్టల్ ఉంది. ఇవన్నీ చిన్న సమాచారాలే. ఒక జీవితం చింతామణి బస్సు ఎక్కుతుందా, ఇంటి గుమ్మంలోనే ఆగుతుందా అన్నది వీటి మీదే తేలుతుంది.

దారి దొరికిన పిల్లవాడు ఎంత దూరం వెళ్ళగలడో చెప్పడానికి ఈ ప్రాంతంలోనే నిలువెత్తు ఉదాహరణ ఉంది. హెచ్. నరసింహయ్య 1920లో గౌరిబిదనూరు తాలూకా హోసూరులో పేద ఇంట్లో పుట్టారు. పై చదువు కోసం బెంగళూరు పోవడానికి బస్సు డబ్బుల్లేక నడిచే వెళ్ళారు. ఆ తరువాత ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఫిజిక్సులో డాక్టరేట్ చేశారు, బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. నన్ను కదిలించేది ఆ పదవి కాదు. పెళ్ళి చేసుకోకుండా, బసవనగుడి నేషనల్ కాలేజీ హాస్టల్లో ఒక చిన్న గదిలో, జీవితమంతా విద్యార్థుల మధ్యే ఉన్నారు. బాగేపల్లికి, గౌరిబిదనూరుకు నేషనల్ కాలేజీ వచ్చిందంటే ఆయన వల్లే. తను నడిచినంత దూరం తన తరువాతి పిల్లలు నడవక్కర్లేకుండా చేశారు.

కౌన్సెలర్ వచ్చేదాకా ఏ బడీ చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. వినే గుణమున్న ఒక టీచరుకు వారంలో రెండు పీరియడ్లు ఖాళీ ఇచ్చి, తలుపు వేసుకోగల ఒక గది చూపిస్తే పని మొదలవుతుంది. మైసూరు రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్‌లో ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమా ఉంది. ఆసక్తి ఉన్నవాళ్ళు ఆ శిక్షణ తీసుకోవచ్చు.

అన్నిటికన్నా ముందు సిద్ధం కావలసింది పదో తరగతి (ఎస్.ఎస్.ఎల్.సి.) ఫలితాల రోజుకు. పరీక్ష గదులకు వెబ్‌క్యాస్టింగ్ నిఘా పెట్టిన 2024లో రాష్ట్రంలో పాసైనవాళ్ళు 73.40 శాతం, అంతకు ముందు ఏడాది 83.89. నిఘా మంచిదే. కానీ తప్పినవాళ్ళు పెరిగారు, వాళ్ళ పక్కన నిలబడే మనుషులు ఆ లెక్కన పెరగలేదు. ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ళ ఫొటోలతో ఫ్లెక్సీ మరునాడు కట్టించినా కొంప మునిగేదేమీ లేదు. ఫలితాలు తెలిసిన గంటలోపు టీచర్లు జాబితా పంచుకుని, తప్పిన ప్రతి పిల్ల ఇంటికీ ఫోను చెయ్యాలి. ఫోనులో మొదట "అన్నం తిన్నావా, పక్కన ఎవరున్నారు?" అని అడగాలి. అదే ఏడాదిలో మళ్ళీ పరీక్ష రాయవచ్చనీ, రెండో పరీక్ష కొద్ది వారాల్లోనే ఉంటుందనీ, పాసైన సబ్జెక్టులు మళ్ళీ రాయక్కర్లేదనీ చెప్పాలి. తండ్రినీ ఫోనులోకి పిలిచి అదే మాట ఆయనకూ చెప్పాలి. ఎవరూ ఫోను ఎత్తని ఇల్లుంటే, చీకటి పడకముందే బండి తీసుకుని ఆ ఊరికి వెళ్ళి రావాలి.