వరండాలోని పిల్లిని ఇంటికి తీసుకెళ్లవచ్చా?

ఆసుపత్రిలో రోగికి తోడుగా ఉండేవారికి పొద్దు గడవదు. మధ్యాహ్నం క్యారియర్‌లో మిగిలిన అన్నం పారబోయడానికి వెళితే మెట్ల కింద నుంచి ఒక పిల్లి వస్తుంది. నాలుగు ముద్దలు పెడతారు. మరునాడు అదే వేళకు మళ్లీ వస్తుంది. వారం తిరిగేసరికి దాని వెనక రెండు కూనలు కూడా కనిపిస్తాయి. డిశ్చార్జి నాడు ఇంట్లో చిన్నవాళ్లు అడుగుతారు, "దీన్ని మనింటికి తీసుకెళదామా?" అని.

వద్దని కసరడం తేలిక. కాని మూగజీవి మీద జాలిపడటం తప్పు కాదు, పిల్లిని పెంచుకోవడమూ తప్పు కాదు. అయితే ఆ జాలి వల్ల మీ ఇంట్లోని రోగికి గాని, పిల్లలకు గాని, ఆ పిల్లికి గాని కీడు జరగకూడదు. అందుకు కొన్ని సంగతులు తెలిసి ఉండాలి.

ముందుగా, గీరిన గాయం

కుక్క కరిస్తే ఆసుపత్రికి పరిగెత్తేవారు కూడా పిల్లి గీరితే కాస్త పసుపు అద్ది ఊరుకుంటారు. ఇది ప్రాణం మీదికి తెచ్చే అలవాటు. మన దేశంలో రేబిస్ ఎక్కువగా కుక్కకాటు వల్లనే వస్తుంది, నిజమే. కాని రేబిస్ ఉన్న కుక్క కరిచిన పిల్లికి కూడా ఆ వ్యాధి సోకుతుంది. పిల్లి తన పంజాలను నాకుతూ ఉంటుంది కనుక గోళ్లకు దాని చొంగ అంటి ఉండవచ్చు.

రేబిస్ క్రిమి గాయం నుంచి నరాల వెంట మెల్లగా మెదడుకు పాకుతుంది. లక్షణాలు కనిపించడానికి సాధారణంగా 2, 3 నెలలు పడుతుంది. ఒక్కొక్కప్పుడు వారంలోనే రావచ్చు, ఏడాది కూడా పట్టవచ్చు. నీళ్లను చూసి భయపడటం వంటి లక్షణాలు మొదలైన తరువాత రోగి బతకడం దాదాపు అసాధ్యం. క్రిమి మెదడుకు చేరకముందే టీకా వేయించుకుంటే మాత్రం వ్యాధి రాకుండా ఆపవచ్చు. మన చేతిలో ఉన్న అవకాశమంతా ఆ మధ్య కాలమే.

కాబట్టి పిల్లి గీరినా, కరిచినా వెంటనే కొళాయి తిప్పి, ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పదిహేను నిమిషాలంటే చాలా సేపు. గడియారం చూసి కడగాలి. ఆ తరువాత అయోడిన్ వంటి మందు రాయవచ్చు. కారం, సున్నం, కాఫీపొడి, ఆకుపసరు పెట్టకండి. గట్టిగా కట్టు కట్టకండి. రక్తం రాకుండా పైపైన గీరుకుపోయినా టీకా అవసరమే. రక్తం వచ్చినా, పళ్లు దిగినా, అంతకుముందే ఉన్న పుండును పిల్లి నాకినా టీకాతో పాటు గాయంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా ఎక్కించాలి. ఏది అవసరమో డాక్టరు గాయాన్ని చూసి చెబుతారు.

ఇంజెక్షన్లంటే పెద్దవాళ్లు ఇప్పటికీ జంకుతారు. బొడ్డు చుట్టూ 14 సూదులు వేయించుకున్న రోజులు వారికి గుర్తు. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ పాత టీకా తయారీని మన దేశంలో 2004లోనే నిలిపివేశారు. ఇప్పుడిచ్చేది భుజానికే. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, తరువాత 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. కండరానికి ఇచ్చే పద్ధతిలో 14వ రోజున మరొకటి ఉంటుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పసిపిల్లలు అందరూ వేయించుకోవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు.

గీరిన పిల్లిని కట్టేసి 10 రోజులు చూడటం మంచిదే, కాని అది టీకాకు బదులు కాదు. మొదటి ఇంజెక్షన్ వెంటనే పడాలి. పిల్లి పది రోజుల తరువాత కూడా ఆరోగ్యంగా ఉంటే మిగతావి ఆపవచ్చో లేదో డాక్టరే చెబుతారు. గోడ దూకి పోయి మళ్లీ కనబడని పిల్లి అయితే కోర్సు మొత్తం పూర్తి చేయవలసిందే.

పిల్లి పళ్లు సూదుల్లా ఉంటాయి. పైకి చుక్కంత గాయమే కనిపించినా లోపల లోతుగా ఉండి ఒకటి రెండు రోజుల్లో వాచి చీము పట్టవచ్చు. గీరిన కొద్ది రోజులకు చంకలోనో మెడ దగ్గరో బిళ్ల కట్టి జ్వరం వచ్చినా పిల్లి సంగతి డాక్టరుకు చెప్పడం మరువకండి. చెప్పకపోతే వేరే జబ్బేమోనని పరీక్షల మీద పరీక్షలు చేయవలసి వస్తుంది.

వార్డు దగ్గర అన్నం పెట్టవద్దు

ఇది విని కొందరు నొచ్చుకుంటారు. కాని వార్డులో అన్నం దొరికే పిల్లి వరండాలో ఆగదు. మంచం ఎక్కుతుంది, పాలగిన్నెలో మూతి పెడుతుంది, ఆపరేషన్ గాయాలున్నవారి దుప్పట్లో పడుకుంటుంది. ఆ తరువాత ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు. అప్పుడు ఆ పిల్లికి పట్టేది గోనెసంచి గతి. పెట్టాలనిపిస్తే గేటు అవతల, కుక్కలు రాని చోట, రోజూ ఒకే వేళకు కొద్దిగా పెట్టండి. తిన్నాక మిగిలింది ఎత్తివేయండి. లేకపోతే ఎలుకలు చేరతాయి.

సంచిలో వేసి ఊరి బయట వదిలితే

మన ఊళ్లలో ఇది పాత పద్ధతి. చంపలేదు కదా అని మనసుకు సర్దిచెప్పుకుంటాం. నిజానికి కొత్త చోట ఆ పిల్లికి నీరెక్కడుందో, దాక్కునే చోటెక్కడుందో తెలియదు. చాలావరకు కుక్కల నోటనో, వాహనాల కిందనో పోతుంది. పోనీ పాత చోట పిల్లులు తగ్గుతాయా అంటే అదీ లేదు. తిండి, నీడ ఉన్న చోటు ఖాళీ అయితే పక్క వీధి పిల్లులు వచ్చి చేరతాయి. ఇక విషం పెట్టడం ఘోరమే కాదు, నేరం కూడా. 2024 జులై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద జంతువును విషం పెట్టి చంపినవారికి 5 ఏళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు.

సంఖ్య తగ్గాలంటే దారి కుటుంబ నియంత్రణే. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే చూలు కట్టగలదు. మోసేది సుమారు 9 వారాలు. కూనలు పాలు తాగుతుండగానే మళ్లీ చూలు కడుతుంది. ఒక్క పిల్లితో మొదలై ఏడాది తిరిగేసరికి వీధి నిండడానికి కారణం ఇదే. అందుచేత జంతు సంక్షేమ సంస్థలవారు బోనులో తిండి పెట్టి పిల్లిని పట్టి, మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, కోలుకున్నాక తిరిగి అదే చోట వదులుతారు. మత్తులో ఉండగానే ఒక చెవి కొనను కొద్దిగా కత్తిరిస్తారు. అలాంటి చెవి ఉన్న పిల్లిని చూసి ఎవరో హింసించారని అనుకోకండి. దానికి ఆపరేషన్ అయిందని గుర్తు. తిరిగి ఎందుకు వదలాలని చాలామంది అడుగుతారు. ఆ పిల్లి అక్కడ ఉన్నంతకాలం కొత్తవాటిని అంత సులువుగా రానివ్వదు, తాను పిల్లలను కనదు, రాత్రిళ్లు అరుపులు, పోట్లాటలు కూడా తగ్గుతాయి. వీధి కుక్కల విషయంలో ఆపరేషన్, టీకాల పద్ధతికి 2001లోనే కేంద్ర నిబంధనలు వచ్చాయి. వాటి స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి.

హైదరాబాద్‌లో 1992లో మొదలైన బ్లూ క్రాస్, విశాఖపట్నంలో 1996లో మొదలైన వి.ఎస్.పి.సి.ఎ. ఇటువంటి సేవకు పేరు పొందిన సంస్థలు. మీ ఊళ్లో అలాంటివి లేకపోతే పశువైద్యశాలలో అడగండి.

ఏ పిల్లి ఇంటికి అలవాటు పడుతుంది?

మనుషుల మధ్య పెరిగి దారి తప్పిన పిల్లి వేరు, పుట్టుక నుంచి మనిషి చేయి తగలని పిల్లి వేరు. మొదటిది తోక పైకెత్తి కాళ్లకు రాసుకుంటుంది. రెండోది మీరు రోజూ అన్నం పెట్టినా పది అడుగుల దూరంలోనే ఆగుతుంది. పెద్దదైన అలాంటి పిల్లిని గదిలో పెట్టి తలుపు వేస్తే మచ్చిక కాదు, భయంతో గీరుతుంది. దాన్ని దాని చోటనే ఉండనివ్వడం దానికీ మీకూ మేలు. కూనలైతే రెండు నెలల లోపు మనిషికి త్వరగా అలవాటవుతాయి.

పిల్లి తన కూనలను ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. కూనలు ఒంటరిగా కనబడితే తల్లి ఒక్కొక్కదాన్నే చోటు మారుస్తూ ఉండవచ్చు. అనాథలనుకుని చటుక్కున ఎత్తుకురాకండి. దూరంగా ఉండి కొన్ని గంటలు చూడండి. పాలు తాగే కూనను తల్లి నుంచి విడదీస్తే బతికించడం కష్టం.

సంక్షేమ సంస్థ నుంచి దత్తత తీసుకోవడం ఇంకా మంచిది. ఏ పిల్లి సాధువో, దేనికి టీకా అయిందో వారు చెప్పగలరు. వారు కూడా మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతారు: సొంతిల్లా అద్దె ఇల్లా, ఇంట్లో అందరికీ ఇష్టమేనా, ఊరికి వెళితే ఎవరు చూస్తారు అని. కోపం తెచ్చుకోకండి. వేలు పోసి బొచ్చు పిల్లిని కొనడం కన్నా మన నాటు పిల్లి మన ఎండలకు బాగా తట్టుకుంటుంది.

ఇంట్లో రోగి ఉంటే

కీమోథెరపీ జరుగుతున్నవారు, మూత్రపిండం మార్పిడి అయినవారు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు ఇంట్లో ఉంటే కొత్త పిల్లిని ఇప్పుడు తేవద్దు. ఉబ్బసం ఉన్నవారి విషయంలోనూ డాక్టరును అడిగాకే. గర్భిణి ఉన్న ఇంట్లో పిల్లి మలం గురించి జాగ్రత్త అవసరం. అందులో ఉండే టాక్సోప్లాస్మా అనే క్రిమి కడుపులోని బిడ్డకు హాని చేయగలదు. అయితే ఆ క్రిమి మలం పడిన ఒక రోజు తరువాత గాని అంటుకునే స్థితికి రాదు. కాబట్టి ఇసుక తట్టను ప్రతిరోజూ, గర్భిణి కాక మరొకరు శుభ్రం చేస్తే ఉన్న పిల్లిని వెళ్లగొట్టవలసిన పని లేదు. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరల వల్ల కూడా అదే క్రిమి వస్తుందని గుర్తుంచుకోండి.

పిల్లి రోగికి తోడైన సందర్భమూ ఉంది. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1950ల ప్రాంతంలో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగులకు చికిత్స చేసేవారు. కొందరి వేళ్లు రాత్రికి రాత్రి ఎలా పోతున్నాయో మొదట అంతుపట్టలేదు. చూస్తే, స్పర్శ లేని వేళ్లను నిద్రలో ఎలుకలు కొరుకుతున్నాయి. అప్పటినుంచి ఇళ్లకు వెళ్లే రోగుల వెంట పిల్లిని పంపేవారు. మధుమేహంతో పాదాలు మొద్దుబారినవారికి కూడా ఎలుకల భయం ఉన్నదే. అయితే వారు పిల్లిని మంచం మీద పడుకోనివ్వకూడదు. ప్రతి ఉదయం పాదాలు చూసుకోవాలి. పిల్లి గీరినా వారికి తెలియదు.

తెచ్చుకున్నాక

మొదట పశువుల డాక్టరుకు చూపించండి. నులిపురుగుల మందు, 3 నెలల వయసులో రేబిస్ టీకా, ఆరో నెల వచ్చేలోగా ఆపరేషన్ గురించి అడగండి. పెరుగన్నం, పాలన్నం మీదనే పిల్లి బతకలేదు. మాంసాహారంలో ఉండే టారిన్ అనే పదార్థం అందకపోతే దాని చూపు, గుండె దెబ్బతింటాయి. ముళ్లు తీసిన ఉడికించిన చేప, కోడిమాంసం, గుడ్డు, దుకాణాల్లో దొరికే పిల్లుల మేత పెట్టవచ్చు. నీచు ముట్టని ఇంటివారు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి. ఉల్లి, వెల్లుల్లి పెట్టకండి.

రోగి ఉన్న ఇంట్లో మాత్రలు చేతికందే చోట ఉంటాయి. పిల్లికి ఒళ్లు వేడిగా ఉందని పారాసెటమాల్ వేయకండి. మనకు మామూలైన ఒక్క మాత్ర దాని ప్రాణం తీయగలదు.

టీకా వేసిన తేదీలు రాసిన కార్డును పిల్లల టీకా కార్డులతో పాటే దాచండి. ఇంటి పిల్లి గీరినా సబ్బుతో కడిగి ఆ కార్డు పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. టీకాలు సమయానికి పడ్డాయా లేదా అన్నది ఆయన మొదట అడిగే ప్రశ్నల్లో ఒకటి.